కొండెక్కాలంటే కారుకూ దమ్ముండాలి

అరకు ఫొటోల్లో కనిపించనిది ఒకటుంది. అది అక్కడి వాసన. డిసెంబరు ఆదివారం పొద్దున్న అనంతగిరి మలుపుల్లో కారు అద్దం దించితే ముందు తడి ఆకుల వాసన వస్తుంది, తర్వాత బొంగు చికెన్ పొగ. ఆ వెనకే ఏదో మాడుతున్నట్టు ఓ ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. అది మీ ముందు పోతున్న కారు క్లచ్ ప్లేటుది. ఇన్‌స్టాలో వలిసెపూల పసుపు చూసి బయల్దేరిన వాళ్లలో చాలామందికి ఈ వాసన గురించి ఎవరూ చెప్పరు. అందుకే ఈసారి వ్యూ పాయింట్లను పక్కన పెట్టి కారు గురించి మాట్లాడుకుందాం.

మా అక్క అరకు వైపు ఓ గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఏడేళ్లుగా నెలకోసారైనా విశాఖ నుంచి ఆ ఘాట్ ఎక్కుతున్నాను. ఎండాకాలంలో, వానల్లో, మంచులో కూడా వెళ్లాను. నా బండి పదకొండేళ్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్. పెద్ద ఎస్‌యూవీ ఏమీ కాదు. అయినా ఆ రోడ్డు మీద బండి సైజు కంటే బండి ఆరోగ్యం ముఖ్యమని ఈ ఏడేళ్లలో బాగా అర్థమైంది.

శృంగవరపుకోటలో పది నిమిషాలు

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకు సగం దూరం మామూలు రోడ్డే. అసలు కథ బొడ్డవర దాటాక మొదలవుతుంది. సముద్రం పక్కన బయల్దేరిన బండి 900 మీటర్లకు పైన ఉన్న లోయ చేరాలి. త్యాడ, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట... పేరు మారినప్పుడల్లా గేరు మారుతుంది.

అందుకే ఎస్.కోటలో టీ తాగే ఆ పది నిమిషాలు నేను బండికి కేటాయిస్తాను. ట్యాంకు నింపుతాను, నాలుగు టైర్లలో గాలి చూపిస్తాను. స్టెప్నీలో కూడా చూపించండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ చూసుకోవాలి కాబట్టి అది ఇంటి దగ్గరే, బయల్దేరేముందే. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపలి నీళ్లు ఆవిరితో కలిసి మొహం మీదికి చిమ్ముతాయి. ఘాట్‌లో బండి వేడెక్కినప్పుడు కంగారులో చాలామంది మొదట చేసే పని అదే.

ఎక్కేటప్పుడు క్లచ్ మీద సగం కాలు పెట్టి బండిని నిలబెట్టడం మన సిటీ అలవాటు. ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో దాంతో పెద్దగా ఏం కాదు. ఘాట్‌లో ముందు బస్సు ఆగితే అదే అలవాటు ప్లేటును మాడ్చేస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఆగండి. కదలాలంటే ఫస్ట్ గేరులో కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, బండి ముందుకు లాగుతోందని తెలిశాక హ్యాండ్ బ్రేక్ వదలండి. ఏఎమ్‌టీ బండ్లు వెనక్కి జారే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్లకూ ఇదే మందు.

ఇంకో సంగతి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికే దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, మన రోడ్డు నిబంధనల్లో ఉన్నదే. ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టం, దిగేవాడికి ఆ కష్టం లేదు. లాజిక్ అంతే.

బెల్టు తెగిన రోజు

గత నవంబరులో అనంతగిరి దాటాక డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కింది. వెంటనే పక్కకు తీసి ఆపేశాను. బానెట్ ఎత్తితే ఆల్టర్నేటర్ తిప్పే బెల్టు ముక్కలై వేలాడుతోంది. మా బండిలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది. అంటే ఇంకో రెండు మూడు కిలోమీటర్లు నడిపితే ఇంజిన్ ఉడికిపోతుంది.

సిగ్నల్ లేదు. అటుగా వచ్చిన జీపతను ఆపి, విషయం చూసి, పై మలుపు దాకా నన్ను ఎక్కించుకుపోయాడు. అక్కడ రెండు గీతలు సిగ్నల్ వస్తుందట. అరకులో తనకు తెలిసిన మెకానిక్‌కు తనే ఫోన్ కలిపి ఇచ్చాడు. మెకానిక్ అడిగింది ఒక్కటే: "అన్నా, బెల్టు మీద నంబరుంటాది, ఫొటో తీసి పెట్టండి."

ఆ నంబరు విశాఖలో ఓ స్పేర్ పార్టుల షాపుకు వెళ్లింది. షాపు వాళ్లు బెల్టు తెచ్చి అరకు వచ్చే బస్సులో పెట్టారు. మధ్యాహ్నం మూడున్నరకు బస్సు మా దగ్గర ఆగింది, కండక్టర్ కిటికీలోంచి కవరు అందించాడు. అప్పటికే మెకానిక్ బైక్ మీద వచ్చి పాత బెల్టు ముక్కలు ఏరేసి, పుల్లీలు చేత్తో తిప్పి చూసి సిద్ధంగా కూర్చున్నాడు. నలభై నిమిషాల్లో పని అయిపోయింది. బెల్టు 650 రూపాయలు, కూలి 400.

"బండి ఆపీసి మంచి పని చేసారన్నా. అలాగే లాగీసుంటే హెడ్డు పోయీది. అప్పుడు నాను కాదు, టోయింగ్ బండి రావాలి."

అతనికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. కొండదొర కుటుంబం. విశాఖలో ఓ షెడ్డులో ఆరేళ్లు పనిచేసి సొంతూరికి వచ్చేశాడు. ఆ తర్వాత అరకు వెళ్లినప్పుడల్లా అతని షెడ్డుకు వెళ్తున్నాను. టూరిస్టు సీజనులో అతని దగ్గరకొచ్చే కేసులు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి: మాడిన క్లచ్‌లు, వేడెక్కిన ఇంజిన్లు, రాళ్ల దారిలో కింద తగిలి పగిలిన ఆయిల్ చాంబర్లు, పంక్చర్లు. ఆయిల్ చాంబర్ల కేసులన్నీ ఒకటే రకమని నవ్వుతాడు. కటికి జలపాతం దారిలో లోకల్ జీపులు మాత్రమే పోయే చోటికి సిటీ కారు తీసుకుపోయిన వాళ్లవి అవి. జీపుకు డబ్బులిచ్చి పోతే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి, మీ కారూ బతుకుతుంది.

మనందరి మీదా అతనికో కంప్లయింటు ఉంది. "బండి ఆగితే టైరు కింద రాయి పెడతారు. మంచిదే. బాగయ్యాక రాయి రోడ్డు మీదే వదిలీసి ఎలిపోతారు. రాత్రి మా వోడు బైక్ మీద వచ్చి దాని మీద పడతాడు." ఈ మాట విన్నాక రాయి తీయకుండా ఎవరైనా బండి ఎక్కగలరా?

ఏది ఇన్సూరెన్స్, ఏది కాదు

బెల్టు తెగితే ఇన్సూరెన్స్ వస్తుందా అని ఫ్రెండ్స్ అడిగారు. రాదు. పాలసీ అనేది ప్రమాదానికి, దొంగతనానికి, వరద, కొండచరియ లాంటి వాటికి. అరుగుదలకు, మెకానికల్ ఫెయిల్యూర్‌కు వర్తించదు. క్లచ్ ప్లేటు మాడితే ఖర్చు మీదే. బండి వేడెక్కిందని తెలిసీ నడిపి ఇంజిన్ పోగొట్టుకుంటే అదీ మీదే. వాగులో దింపి ఇంజిన్‌లోకి నీళ్లు పోతే మామూలు పాలసీలో రావడం కష్టం. దానికి 'ఇంజిన్ ప్రొటెక్ట్' అని విడిగా తీసుకోవాలి.

ప్రమాదం జరిగినా మొత్తం డబ్బు రాదు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం తరుగుదల కోసేస్తారు. ఇప్పటి బంపర్లన్నీ ప్లాస్టికే కదా! ఆ కోత వద్దనుకుంటే 'జీరో డెప్' తీసుకోవాలి, అది కొత్త బండ్లకే తేలిగ్గా దొరుకుతుంది. టోయింగ్ సంగతి మరీ ఆశ్చర్యం. చాలా పాలసీల్లో దానికి ఇచ్చేది 1,500 రూపాయల లోపే. సుంకరిమెట్ట నుంచి విశాఖ దాకా కారును లాక్కురావడానికి అది ఏ మూలకీ చాలదు. అందుకే కొండల్లో తిరిగేవాళ్లకు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పనికొచ్చే యాడ్-ఆన్. కాకపోతే ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతారో ముందే చదవండి.

రెన్యువల్ డేటు దాటనివ్వకండి. 90 రోజులు దాటితే ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ సున్నా అవుతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం దాకా వెళ్తుంది. చిన్న గీతకు క్లెయిమ్ చేసేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. ఇక థర్డ్ పార్టీ కూడా లేకుండా తిరిగితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

తెల్లబోర్డు తమ్ముడు

మెకానిక్ తమ్ముడి కథ విన్నాకే ఇదంతా రాయాలనిపించింది.

అతను డిగ్రీ చదివి ఇంటి దగ్గరే ఉన్నాడు. అప్పు చేసి ఓ సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నాడు. దిల్లీ బండి. అక్కడ డీజిల్ బండికి 10 ఏళ్లు, పెట్రోల్ బండికి 15 ఏళ్లు అన్న గీత గీశారు, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తర్వాత ఆ నిబంధనల్లో మార్పులు వచ్చినా, ఆ భయంతో చవగ్గా అమ్మేసిన బండ్లు మన దాకా చాలానే వచ్చాయి. రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ రేటు ఒక్కటే ఖర్చు కాదు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, తేవాలి. ఇక్కడ బండి వయసును, ధరను బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఏ రాష్ట్రం బండైనా ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాల్సిందే. ఒడిశా బోర్డర్ కావడంతో కొరాపుట్ వైపు నుంచి వచ్చే బండ్లకూ అరకులో ఇదే రూలు.

ఇవన్నీ అతను చేశాడు. ఇన్సూరెన్స్ కూడా తన పేరు మీదికి మార్పించుకున్నాడు. సెకండ్ హ్యాండ్ కొన్న చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కొన్న 14 రోజుల్లో పాలసీ మార్పుకు అప్లై చేయాలి. లేకపోతే ఆర్‌సీ మీ పేరున, పాలసీ పాత ఓనరు పేరున ఉండిపోయి, మీ కారు డ్యామేజీకి ఇద్దరికీ డబ్బు రాదు.

మరి ఎక్కడ దెబ్బ తగిలింది? నంబరు ప్లేటు రంగు దగ్గర. తెల్లబోర్డు అంటే సొంత వాడకం. పసుపు బోర్డు అంటే కిరాయి. సీజనులో రైలు దిగిన టూరిస్టులను బొర్రా గుహలకు, చాపరాయికి తిప్పితే రోజుకు రెండు మూడు వేలు మిగులుతాయి. పసుపు బోర్డుకు పర్మిట్, ఫిట్‌నెస్, ఎక్కువ ప్రీమియం. నాలుగు నెలల సీజనుకు అంత ఖర్చు ఎవరు పెడతారని ఊళ్లో అందరూ అన్నారు. ఓ సాయంత్రం పొగమంచులో కారు కల్వర్టు గోడకు గుద్దుకుంది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. కారు ముందు భాగం పోయింది. లోపలున్న వాళ్లు కిరాయికి వచ్చిన టూరిస్టులని సర్వేయర్ రిపోర్టులో రాశాడు. కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. కారు షెడ్డులో, వాయిదాలు అకౌంటులో. వాళ్ల అమ్మ సంతలో అల్లం, పసుపు అమ్మిన డబ్బుతో రెండు ఈఎమ్‌ఐలు కట్టారు.

ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పకూడదని స్పష్టంగా ఉంటుంది. ఎవరికైనా దెబ్బలు తగిలి ఉంటే ఇంకా ఘోరం. బాధితులకు పరిహారం కంపెనీ ముందు కట్టినా, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. అంటే ఓ గిరిజన కుర్రాడు జీవితాంతం తీర్చలేని అప్పు.

అయితే 'రిజెక్ట్' అన్న ఉత్తరంతో కథ అయిపోదు. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి విషయమే విచారించింది. ప్రైవేటు బండిని కిరాయికి వాడారన్న ఒక్క కారణంతో సొంత డ్యామేజీ క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయడం సరికాదని, 'నాన్ స్టాండర్డ్' పద్ధతిలో కొంతైనా చెల్లించాలని చెప్పింది. అలాంటి సందర్భాల్లో రావాల్సిన దాంట్లో 75 శాతం వరకు ఇచ్చే పద్ధతి ఉంది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు.

అక్క స్కూల్లోని కంప్యూటర్ సారు సాయంతో అతను ఆ ఫిర్యాదు పెట్టాడు. విచారణ ఇంకా జరగాల్సి ఉంది. ఈలోపు అన్న షెడ్డులోనే పని నేర్చుకుంటున్నాడు.

టూరిస్టులుగా మనకూ ఇందులో పాత్ర ఉంది. వంద, రెండొందలు తక్కువని తెల్లబోర్డు ఎక్కుతాం. ఏదైనా జరిగితే మన పరిహారమూ చిక్కుల్లో పడుతుంది, వాళ్ల ఇల్లూ గుల్లవుతుంది. పసుపు బోర్డు ఉన్న లోకల్ బండినే అడగండి. అడిగేవాళ్లు పెరిగితే ఆ ఖర్చు వాళ్లకూ గిట్టుబాటవుతుంది.

దిగేటప్పుడే అసలు పరీక్ష

2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు అరకు చూసి తిరిగి వెళ్తూ డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. అప్పటినుంచి ఆ మలుపు దగ్గర బస్సులో అందరూ కొంచెం నిశ్శబ్దం అవుతారు.

ఎక్కేటప్పుడు బాధపడేది ఇంజిన్. దిగేటప్పుడు బ్రేకులు. బ్రేకు మీద కాలు తీయకుండా పది కిలోమీటర్లు దిగితే డిస్కులు కాలిపోతాయి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. లోపల బుడగలు వస్తే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమనేది అందుకే. సర్వీసింగ్‌లో మనం వాషింగ్ గురించి అడుగుతాం గానీ దీని గురించి అడగం.

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఇంజినే బండిని పట్టుకుంటుంది. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదలడం, ఇంజిన్ ఆపేయడం అస్సలు వద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ పనిచేయదు, స్టీరింగ్ బరువెక్కుతుంది. పెడల్ మెత్తబడినట్టు అనిపిస్తే వెడల్పున్న చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర తిరుగుతాయి.

మంచులో హై బీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏం కనబడదు. లో బీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. కదులుతూ నాలుగు ఇండికేటర్లు వేస్తే మీరు ఆగారో, తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు.

మీ పార్కింగ్, వాళ్ల ప్రాణం

అక్క స్కూలుకు వచ్చే పిల్లల ఊళ్లలో కొన్నింటికి ఇప్పటికీ రోడ్డు లేదు. నొప్పులొచ్చిన గర్భిణిని డోలీ కట్టి కొండ దింపి, రోడ్డు దగ్గర 108 కోసం చూడటం ఇక్కడ వార్తల్లో తరచూ కనిపించే సంగతే. అంబులెన్స్ ఆలస్యమైతే ఊళ్లో ఉన్న ఏ కారో, జీపో అంబులెన్సవుతుంది. మెకానిక్ తమ్ముడి కారు కూడా తిరిగినన్నాళ్లు అలా రెండుసార్లు వెళ్లిందట. వంజంగిలో మేఘాలు చూడాలని తెల్లవారుజామున రోడ్డుకు అడ్డంగా వదిలేసిన కార్లను ఈ కళ్లతో చూడండి. మనకది ఫొటో టైమ్. కింద నుంచి వచ్చే బండికి అది ఆసుపత్రి టైమ్.

ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి వస్తోంది. రోడ్డు వెడల్పయిన చోట స్పీడు పెరుగుతోంది. కానీ కొండ వాలు అదే, మలుపు అదే, మీ బ్రేక్ ఆయిల్ వయసూ అదే. ఈ శీతాకాలం ప్లాన్ చేస్తుంటే రూము బుక్ చేసే ముందు మెకానిక్‌ను ఓ మాట అడగండి: "బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది?" తర్వాత ఫోన్ తీసి పాలసీ డేటు చూసుకోండి. రెండింటికీ కలిపి ఓ రీల్ చూసేంత టైమ్ కూడా పట్టదు.